మర్చిపోయిన అంగుళం

కిందటివారం భాగంలో ఆర్వో పెల్కోలాని గరాజ్‌లో మోకాళ్ళ మీద వదిలేసి వచ్చాం. అరవైతొమ్మిదేళ్ళ మనిషిని నవంబరు చలిలో సిమెంటు నేల మీద అలా వదిలెయ్యడం మర్యాద కాదు. ఏం చేస్తాం, వారం అక్కడికే సరిపోయింది. బెంచీ కిందికి దొర్లిపోయిన మరమేకు కోసం వెతుకుతుంటే అతని చేతికి దొరికింది మరమేకు కాదు, తుపాకీ గొట్టం ముక్క.

అది అన్న రెయినో తుపాకీది. రెయినో పోయి ఏడాదిన్నర అయింది. పోవడానికి ముందటి శీతాకాలం అడవిలో కాలు జారి పడ్డాడు. లేచి, గొట్టంలోకి మంచు దూరిందేమో చూసుకోకుండా పేల్చాడు. గొట్టం మూతి అరటితొక్కలా విచ్చుకుంది. మనిషికేం కాలేదు గానీ తుపాకీ మూలన పడింది. ఈ అక్టోబరులో వదిన ఐలీ దాన్ని పాత దుప్పట్లో చుట్టి తెచ్చింది. "పాడైనంత మేర కోసెయ్యి ఆర్వో, ఈ ఏడు వేటకి నేనే వెళ్తాను" అంది. ఆర్వో కొలిచాడు, గుర్తు పెట్టాడు, కోశాడు, ఆకురాయితో నునుపు చేసి ఇచ్చేశాడు. ఇరవై ఆరు అంగుళాల గొట్టంలోంచి ఏడున్నర పోతే పద్దెనిమిదిన్నర మిగలాలి. పద్దెనిమిదికి తగ్గితే నేరం. పైన ఉన్న అరంగుళం చట్టానికి ఆర్వో ఇచ్చుకున్న మర్యాద.

కానీ బెంచీ కింద దొరికిన ముక్క ఎనిమిదిన్నర ఉంది.

నాలుగుసార్లు కొలిచాడు. నాలుగుసార్లూ అంతే. తర్వాత ఆ నేల మీదే కూర్చుండిపోయాడు. తప్పు ఎక్కడ జరిగిందో కనుక్కోవడానికి అతనికి అరనిమిషం కూడా పట్టలేదు, అదే అతన్ని కుంగదీసింది.

రాగి గని మిషన్ షాపులో పనిచేసిన వాళ్ళెవరూ స్కేలు అంచు నుంచి కొలవరు. ఉక్కు స్కేలైనా సరే, ఏళ్ళ తరబడి వాడితే అంచు అరిగిపోతుంది, దాన్ని నమ్మితే పని చెడుతుంది. అందుకని ఒకటో అంకె మీద నుంచి కొలత మొదలెడతారు, చివర్న ఒకటి తీసేస్తారు. పందొమ్మిదేళ్ళ వయసులో షాపులో చేరిన మొదటిరోజు మేస్త్రీ నెత్తి మీద మొట్టి మరీ నేర్పాడు: "అంగుళం వదులు, అంగుళం తియ్యి." గనిలో నలభై మూడేళ్ళు, గని మూతపడ్డాక గరాజ్‌లో మరో ఏడేళ్ళు, ఆర్వో రెండూ చేస్తూనే వచ్చాడు. ఈ అక్టోబరులో మిగలాల్సిన పొడవుని ఒకటో అంకె నుంచి కొలిచి, పద్దెనిమిదిన్నర అంకె దగ్గరే గుర్తు పెట్టాడు; మొదటిది చేసి రెండోది మర్చిపోయాడు.

బెంచీ పైన గోడకి ఓ కాగితం అతికించి ఉంది. రెయినో కూతురు సిల్వీ అటవీ వేట శాఖలో అధికారిగా శిక్షణ ముగించుకొచ్చిన ఏడాది తనే రాసి అంటించింది. "మా బాబాయి జైలుకెళ్తే నాకు నామోషీ" అని నవ్వుతూ అంటించింది. అందులో మూడే ముక్కలు. పని చేసినందుకు డబ్బు తీసుకోకు, తీసుకుంటే లైసెన్సు కావాలి. తుపాకీ మీదున్న నంబరు జోలికి పోకు. గొట్టం పద్దెనిమిదికి తగ్గనివ్వకు. మొదటి రెండూ ఆర్వో ఎన్నడూ తప్పలేదు. ఊళ్ళో వాళ్ళ తుపాకులకి చెక్క మార్చి, తుప్పు వదిలించి, బిగుసుకుపోయినవి సడలించి ఇస్తే, వాళ్ళు మాంసం కూరి కాల్చిన పాస్టీలో, ఎండబెట్టిన జింక మాంసమో గుమ్మంలో పెట్టి పోయేవాళ్ళు. మూడోదాని మీద ఆ రోజు చూపు నిలపలేకపోయాడు.

సరే, అక్కడిదాకా మీకు తెలిసిందే. ఆ ముక్కనీ స్కేలునీ చంకలో పెట్టుకుని ఆర్వో లేచాడు. అది నవంబరు పదమూడు పొద్దున. పదిహేనున వేట మొదలు. మధ్యాహ్నం పన్నెండింటికి సిల్వీ వచ్చి తల్లినీ, సామాన్నీ, ఆ తుపాకీనీ తన ప్రభుత్వపు బండిలో ఎక్కించుకుని అడవిలో వాళ్ళ గుడిసె దగ్గర దింపాలి. అంటే చట్టం ఒప్పని తుపాకీ చట్టం బండిలోనే ఊరేగబోతోంది. అప్పటికి టైము పదిన్నర దాటింది.

ఐలీ ఇల్లు నాలుగు వీధుల అవతల. ఆ నాలుగు వీధులూ నడిచేసరికి ఆర్వోకి నాలుగు మైళ్ళు నడిచినట్టయింది. మంచు సన్నగా పడుతోంది. ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ నడిచాడు. మూడేళ్ళుగా అతను చేసే పనుల్లో ఎక్కువ భాగం ఈ కూడబలుక్కోవడమే. ఎదురొచ్చిన మనిషి పేరేంటి, పొయ్యి ఆర్పానా, బండి తాళాలు ఎక్కడ పెట్టాను. ఎంత అలుపో అది. అమ్మకీ ఇలాగే మొదలైంది. ఆమె కాఫీలో ఉప్పు వేసిన రోజు ఇంట్లో అందరూ నవ్వారు. ఆర్వో కూడా నవ్వాడు.

ఐలీ వంటింట్లో ఉంది. డెబ్బైమూడేళ్ళ మనిషి, రెయినో పాత ఉన్ని చొక్కా వేసుకుని, అట్టపెట్టెలోకి కాఫీ డబ్బా, మేజోళ్ళు, గుడ్డలో చుట్టిన పాస్టీలు సర్దుతోంది. బల్ల మీద అప్పుడే పొయ్యిలోంచి తీసిన యాలకుల రొట్టె, దాని మీద తెల్లటి గుడ్డ. రొట్టె పక్కన తుపాకీ. నూనె రాసి తుడిచి పెట్టింది. మెరుస్తోంది.

"బూట్లు అక్కడే విప్పు. మంచునంతా నట్టింట్లోకి తెస్తున్నావ్," అంది తలెత్తకుండానే. "ఏంటీ పొద్దున్నే? కాఫీకొచ్చావా, నీతులు చెప్పడానికొచ్చావా? అడవిలో ఒంటరిగా ఉండకూడదని చెప్పడానికైతే సిల్వీ ఇప్పటికే చెప్పింది, పాస్టరు చెప్పాడు, పోస్టు తెచ్చే పిల్ల కూడా చెప్పింది. నువ్వు నాలుగోవాడివి."

"అది కాదు వదినా." ఆర్వో బూట్లు విప్పాడు. చంకలోని స్కేలునీ ముక్కనీ కోటు కింద కప్పి కుర్చీలో కూర్చున్నాడు. "తుపాకీ ఓసారి ఇస్తావేమోనని వచ్చా."

"ఎందుకు?"

"లోపల స్ప్రింగు కాస్త బలహీనంగా అనిపించింది అప్పుడు. చూసి ఇస్తా."

ఐలీ తలెత్తింది. "మొన్న ఆదివారం ఇసక గోతిలో పాతిక తూటాలు పేల్చి చూశాను. స్ప్రింగు నీకంటే గట్టిగానే ఉంది."

"అయినా ఓ రెండ్రోజులు..."

"ఎల్లుండేగా పదిహేను! ఇప్పుడు తీసుకెళ్ళి ఎప్పుడిస్తావ్, క్రిస్మస్‌కా?" కాఫీ పోసి అతని ముందు పెట్టింది. చక్కెర బిళ్ళలున్న గిన్నె అతని వైపు జరిపింది. తను ఎదురు కుర్చీలో కూర్చుని, తుపాకీని ఒళ్ళోకి తీసుకుంది. "ఆర్వో, నా మొహం చూసి చెప్పు. నీ కన్ను ఇంకా దీని మీదే ఉంది కదూ?"

"ఏం మాట వదినా అది?"

"ఉన్న మాట. మామయ్య పోతూ పోతూ దీన్ని పెద్ద కొడుక్కిచ్చాడని మూడు శీతాకాలాలు మా ఇంటి సౌనాకి, ఆవిరిస్నానానికి, రాలేదు నువ్వు. మర్చిపోయాననుకున్నావా? శనివారం శనివారం నేను పొయ్యి రాజేసి, మూడో మనిషికి కూడా తువ్వాలు పెట్టి, మీ అన్న కిటికీలోంచి చూసి చూసి... నీకేం, నువ్వు ఇంట్లో దుప్పటి కప్పుకుని అలిగి పడుకున్నావ్."

"నలభై రెండేళ్ళ కిందటి సంగతి."

"తుపాకీ అదే కదా? మనుషులూ అదే మనుషులు. ఒకడు తగ్గాడంతే." ఐలీ ఒళ్ళోని తుపాకీని సర్దుకుంది. "ఆయన ఉన్నన్నాళ్ళూ అడగలేదు. పోయాక కూడా అడగలేదు, మంచివాడివే. ఇప్పుడు బాగుచేసి, చేత్తో తడిమి, నీ బెంచీ మీద రెండువారాలు పెట్టుకున్నాక ప్రాణం లాగేసిందేమో. నాకివ్వు అని సూటిగా అడుగు, తప్పులేదు. స్ప్రింగంటావేంటి చిన్నపిల్లాడిలా!"

ఆర్వో చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని కాఫీ గుటకేశాడు. వేడికి కళ్ళు చెమర్చాయి, లేదా వేడికే అనుకున్నాడు. ఒక్క క్షణం అతనికి ఎంత సుఖంగా తోచిందో చెప్తే మీరు నమ్మరు. అవును వదినా, నా కన్ను దాని మీదే ఉంది, ఇచ్చెయ్ అంటే సరిపోతుంది. దురాశ అనుకుంటుంది. దురాశ కనీసం మగవాడి గుణం, అందరికీ ఉండేదే. ఊళ్ళో చెప్పుకుని నవ్వుకుంటారు. తుపాకీ చేతికొస్తుంది, గొట్టం మాయమవుతుంది, మతి పోతోందన్న సంగతి ఎవరికీ తెలియదు.

అడగబోయాడు కూడా. కానీ ఐలీ బొటనవేలు గొట్టం మొదట్లో నాన్న సూదిమొనతో చెక్కిన అక్షరాల మీద ముందుకీ వెనక్కీ కదులుతోంది. చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది, వేలికి ఇంకా పిండి ఉంది. ఆమెకి అబద్ధం చెప్పి నమ్మించి మరీ దాన్ని లాక్కోవడానికి అతనికి చేతులు రాలేదు.

"నేను తప్పు కోశాను వదినా," అన్నాడు.

"ఆఁ?"

కోటు పక్కకి తీసి, ముక్కని బల్ల మీద పెట్టాడు. దాని పక్కన స్కేలు పెట్టాడు. "ఇది కోసిన ముక్క. ఏడున్నర ఉండాలి. ఎనిమిదిన్నరుంది."

ఐలీ ముక్క వంక చూసింది, స్కేలు వంక చూసింది, ఆర్వో వంక చూసింది. తుపాకీని బల్ల మీద పెట్టి లేచి, కుట్టు సామాను బుట్టలోంచి దర్జీ టేపు తీసుకొచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని ముక్కని పొడవునా కొలిచింది. పెదాలు కదుపుతూ వేళ్ళ మీద లెక్కేసింది.

"ఇరవై ఆరులోంచి ఎనిమిదిన్నర పోతే పదిహేడున్నర. పద్దెనిమిదుండాలి. అంటే అరంగుళం తక్కువ. అంతేనా?"

"అంతే."

"అరంగుళానికే ఇంత మొహం వేలాడేశావా? ఏం చేస్తారేంటి, జరిమానా వేస్తారా?"

"పదేళ్ళు."

"పది నెలలా?"

"ఏళ్ళు, వదినా. కోసినందుకు నాకు, ఇంట్లో పెట్టుకున్నందుకు నీకు. వెయ్యాలనుకుంటే పదేళ్ళ దాకా వెయ్యొచ్చు."

"మరి మనిషిని చంపితే ఎంతట?"

"దానికి వేరే లెక్కుంది."

"బాగుంది సంబరం," అంది ఐలీ. కుర్చీలో కూలబడింది. "నేను ఈ వయసులో కోటు కింద తుపాకీ దాచుకుని బ్యాంకు దోచబోతున్నాననుకుంటారా? పోనీ కాగితమేదో ఉంటుందిగా, పెట్టుకుంటే పోదూ? తెలియక జరిగిందని రాస్తే?"

"కాగితం కోసే ముందు పెట్టుకోవాలి. వాళ్ళు సరేనన్నాక కొయ్యాలి. సిల్వీయే చెప్పేది, కాగితం తర్వాతే రంపం అని. కోసేశాక పెట్టుకోవడానికి లేదు."

"చేతులు కాలాక ఆకులన్నమాట."

"ఆఁ. అందుకే ఇలా ఇవ్వు. గొట్టం విప్పేసి, పనికిరాకుండా ముక్కలు చేసేస్తా. ఈ రకానికి వేరే గొట్టం దొరుకుతుంది, పాతసామాను దుకాణాల్లో వెతికి తెస్తా. చెక్క అదే, తక్కినదంతా అదే. వచ్చే ఏడాదికి..."

"ఈ గొట్టం ముక్కలు చేస్తావా?" ఐలీ చెయ్యి మళ్ళీ ఆ అక్షరాల మీదికి పోయింది. "మామయ్య చెక్కింది. ఈయన ప్రతి నవంబరు పద్నాలుగున నూనె రాసింది. దవాఖానాలో ఆఖరివారం ఆయన నన్ను అడిగిందేంటో తెలుసా? గొట్టం ఆర్వోకిచ్చావా, బాగుచేస్తానన్నాడా అని. ముందు నన్ను కోసి ముక్కలు చెయ్యి, తర్వాత దీన్ని చేద్దువు గాని."

"వదినా, నామీద కోపంతో ఇలా..."

"నీమీద కోపం లేదు!" అని అరిచింది, కోపంగానే.

గోడగడియారం పదకొండుంపావు చూపిస్తోంది. ఆర్వో తన చేతుల వంక చూసుకున్నాడు. వణుకు లేదు. వణికినా బాగుండేది. చేతులదే తప్పని చెప్పుకునేవాడు.

"నలభై మూడేళ్ళు గనిలో," అన్నాడు మెల్లగా, "వెంట్రుకలో పదోవంతు తేడా వస్తే పక్కన పారేసేవాళ్ళం. ఇక్కడ ఏడేళ్ళు. ఒక్కటి తప్పలేదు వదినా. ఇదే మొదటిది."

ఐలీ ఏదో అనబోయి ఆగింది. కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పింది. ఆర్వోకి ఆ ఆగడం నచ్చలేదు.

"ఏంటి?"

"ఏం లేదు."

"ఏంటో చెప్పు."

"మొదటిది కాదు, ఆర్వో."

ఐలీ చక్కెర గిన్నె వంక చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసింది. పోయిన ఏడు హెండ్రిక్సన్ రైఫిలు గురి చూసే ముక్క వెనకది ముందూ ముందుది వెనకా బిగించి ఇచ్చాడు. అంతకుముందు చర్చి పక్కనున్న వాళ్ళ తుపాకీకి చెక్క బిగించే మేకు ఒకటి వెయ్యనే లేదు. అప్పటినుంచి ఊళ్ళో వాళ్ళు ఆర్వో దగ్గర బాగుచేయించుకున్నది ఏదైనా సరే, వంతెన అవతల లైసెన్సున్న దుకాణంలో డబ్బు కట్టి మళ్ళీ చూపించుకుంటున్నారు. రెండేళ్ళుగా అంతే.

"మరి నా దగ్గరికెందుకు తెస్తున్నట్టు?" అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "తిన్నగా అక్కడికే పోవచ్చుగా?"

"నీ గరాజ్‌లో దీపం వెలుగుతూ ఉండాలని," అంది ఐలీ. "హెండ్రిక్సనే అన్నాడు, చర్చిలో, కాఫీ దగ్గర. ఆర్వో చేతిలో పని తీసేస్తే ఆర్నెల్లు బతకడు, తలా ఒకటి ఇస్తూ ఉందాం, పోయేదేముంది అన్నాడు. అందరూ సరేనన్నారు. నేనూ ఉన్నాను అక్కడ."

ఆర్వోకి నవ్వొచ్చింది. రెండేళ్ళు! గుమ్మంలో పాస్టీలు పెట్టి, "నీ చెయ్యి పడితే చాలు ఆర్వో" అని భుజం తట్టి వెళ్ళినవాళ్ళు, వీధి మలుపు తిరిగి వంతెన ఎక్కేవాళ్ళన్నమాట. తాను చలిలో కళ్ళు పొడుచుకుని చేసిన పనంతా ఇంకొకడెవడో విప్పి మళ్ళీ బిగించాడన్నమాట. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అంత దయ చూపించినవాళ్ళ మీద కోపం ఎలా వస్తుంది? వచ్చినా దాన్ని మోసే ఓపిక లేదు. పడుకోవాలనిపించింది, అంతే. ఆ వంటింటి నేల మీదే.

"నువ్వూ చూపించావా దీన్ని?"

"లేదు."

"ఎందుకు చూపించలేదు? చూపించి ఉంటే వాడే కొలిచేవాడు."

"నాకు బుద్ధి లేక. మీ అన్న అనేవాడు, ఆర్వో నోరు తప్పొచ్చు గానీ చెయ్యి తప్పదు అని. ఇంకొకడి చేత కొలిపిస్తే ఆయన మాట కొట్టేసినట్టవుతుందనిపించింది." ఐలీ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంది. "సరే, విప్పు. గొట్టం విప్పు. తీసుకుపో. అక్షరాలున్నంత మేర ఓ చిన్న ముక్క మాత్రం నాకు మిగల్చు. అంత చిన్న ముక్కకి పదేళ్ళు వెయ్యరుగా?"

"వెయ్యరు," అన్నాడు ఆర్వో. తుపాకీ మీదికి చెయ్యి చాచాడు.

బయట బండి ఆగిన చప్పుడైంది.

టైము పదకొండున్నర. పన్నెండు కాలేదు. ఐలీ కిటికీలోంచి చూసి, "సిల్వీ!" అంది ఊపిరి బిగబట్టి. ఆ తర్వాత ఆ డెబ్బైమూడేళ్ళ మనిషిలో వచ్చిన చురుకు చూడాలి. గొట్టం ముక్కని చటుక్కున లాగి రొట్టె గుడ్డ కిందికి తోసింది. దర్జీ టేపు చుట్టి చొక్కా జేబులో వేసుకుంది. స్కేలు మాత్రం ఆమె చేతికందలేదు, ఆర్వో మోచేతి దగ్గర ఉండిపోయింది.

"నోరు మూసుకుని కూర్చో," అంది గుసగుసగా. "దానికి తెలియకపోతే దానికి పాపం లేదు. తెలిసిందా, సొంత బాబాయి మీద కేసు రాయాలి, లేదా ఉద్యోగం పోగొట్టుకోవాలి. పదిరోజులు అడవిలో ఉండొస్తా, తర్వాత నువ్వూ నేనూ చూసుకుందాం. నా ఒట్టు!"

తలుపు తెరుచుకుంది. చలిగాలితో పాటు సిల్వీ వచ్చింది. ముప్పైఎనిమిదేళ్ళ పొడగరి, ఆకుపచ్చ యూనిఫాం, భుజాన గరగరలాడే రేడియో. బూట్లు గుమ్మం దగ్గరే విప్పింది. ఈ ఇంట్లో చట్టమైనా సరే బూట్లు విప్పాల్సిందే.

"ముందే వచ్చేశా. మధ్యాహ్నం నుంచి ఊపిరాడదు. ఓ, బాబాయ్ కూడా ఉన్నాడా! ఏంటి ఇద్దరూ జీతం కోసిన మొహాలేసుక్కూర్చున్నారు? మళ్ళీ తగువా?"

"మీ బాబాయితో తగువు పడకపోతే నాకు తిన్నది అరగదు," అంది ఐలీ. "ఆ పెట్టె ముందు బండిలో పెట్టు."

"పెడతా, ఉండు. రొట్టె వాసనొస్తోంది." సిల్వీ గుడ్డ వైపు చెయ్యి చాచింది. ఐలీ ఆ చేతిని ఫెడీమని కొట్టింది.

"వేడిగా ఉంది! చల్లారాక కోస్తా."

"అబ్బ, ఏంటమ్మా!" సిల్వీ నవ్వుకుంటూ చెయ్యి రుద్దుకుని తుపాకీ వైపు తిరిగింది. మడత తెరిచి తూటా లేదని చూసుకుంది, మళ్ళీ మూసింది. కోసిన అంచు మీద బొటనవేలు తిప్పింది. "ఎంత బాగా తీశావ్ బాబాయ్! నాన్న చూస్తే పొంగిపోయేవాడు." ఆగింది. "ఓసారి కొలుస్తానేం. నీమీద నమ్మకం లేక కాదు. యూనిఫాంలో ఉన్నదాన్ని, నా బండిలో ఎక్కించుకుంటున్నా. రేపెవరైనా అడిగితే కొలిచానని చెప్పాలిగా."

"ఇప్పుడెందుకే!" అంది ఐలీ.

సిల్వీ అప్పటికే తలుపు వెనక నుంచి గొట్టం తుడిచే చువ్వ తీసింది. మూతిలోంచి లోపలికి జారవిడిచింది. అడుక్కి తగిలిన చప్పుడు టక్కున వినిపించింది. మూతి దగ్గర చువ్వని బొటనవేలితో పట్టుకుని బయటికి లాగింది. బల్ల మీద స్కేలు కనిపిస్తే దాన్నే దగ్గరకి జరుపుకుంది. దాని అరిగిన అంచు చూసి, చువ్వ కొసని ఒకటో అంకె మీద పెట్టింది.

ఆమెకి పన్నెండేళ్ళప్పుడు గరాజ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి ఆర్వోయే నేర్పాడు. అంగుళం వదులు, అంగుళం తియ్యి. అప్పుడు నెత్తి మీద మొట్టలేదు, యాలకుల రొట్టె ముక్క పెట్టాడు.

సిల్వీ వంగి అంకె చూసింది. చూస్తూ ఉండిపోయింది. మామూలుగా చూసే దానికంటే ఎక్కువసేపు చూసిందని ఆర్వోకి అనిపించింది. ఆమె కళ్ళు ఒక్కసారి అతని మొహం మీదికొచ్చి వెళ్ళాయి.

"పద్దెనిమిదిన్నర," అంది. "సరిగ్గా ఉంది. ఇంకేం, బయల్దేరదామా?"

ఐలీ ఊపిరి వదిలింది. ఆ చప్పుడు వంటిల్లంతా వినిపించింది.

ఆర్వో స్కేలు వంకే చూస్తున్నాడు. పిల్ల నిజంగా మర్చిపోయిందా? మర్చిపోతే ఆ అరిగిన స్కేలుని నమ్మొద్దని నేర్పిన తానే ఆమె కొంప ముంచినవాడవుతాడు. లేక మర్చిపోయినట్టు నటిస్తోందా? నటిస్తుంటే అంతకంటే ఘోరం. ఊరంతా రెండేళ్ళుగా నటించింది, ఇప్పుడు ఈ పిల్ల కూడా ఒంటి మీద యూనిఫాంతో, తన కోసం, తన ప్రమాణాన్ని కాలదన్నుకుని ఆ వరసలో చేరుతోంది. నోరు మూసుకుంటే చాలు, ఈ పూటకి అన్నీ సర్దుకుంటాయి. అతనికి నిజంగానే అలుపుగా ఉంది. కానీ ఇంత దయని మోయడం జైలు కంటే బరువనిపించింది.

"సిల్వీ," అన్నాడు. "అంగుళం తీసెయ్యి."

ఐలీ కళ్ళు మూసుకుంది. సిల్వీ స్కేలు వైపు మళ్ళీ చూడలేదు. చూడాల్సిన అవసరం లేదన్నట్టు చువ్వని మెల్లగా గోడకి ఆనించింది. భుజం మీది రేడియో గరగరని చేత్తో తగ్గించింది. టోపీ తీసి రొట్టె గుడ్డ పక్కన పెట్టి, ఆర్వో ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇందాకటి నవ్వు మొహంలో ఎక్కడా లేదు.

"దీని సంగతి తర్వాత చూద్దాం బాబాయ్," అంది. "ముందు ఇది చెప్పు. ఎల్లుండి పొద్దున అడవిలో నాలుగొందల మంది ఉంటారు. ఈ ఏడాది నీ చేతి మీదుగా వెళ్ళినవి ఎన్ని? ఎవరెవరివి?"

ఆర్వో చెప్పడానికి నోరు తెరిచాడు. ఇందాక వదిన నోట విన్న హెండ్రిక్సన్ పేరు ఒక్కటే గుర్తొచ్చింది.